చేట ముందర ఇంగ్లీషు

టీచరమ్మ మెట్లెక్కితే చప్పుడయ్యేది కాదు. కింద గేటు దగ్గరే చెప్పులు విడిచి, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో చెప్పులు పట్టుకుని గోడ వారగా మిద్దె మీదికి పోయేది. ఎండ లేకపోయినా గొడుగు, మబ్బు లేకపోయినా గొడుగు. నాకు ఉండబట్టలేక ఒకనాడు అడిగాను.

"పొద్దు గూకే ఏళకు ఏంటికమ్మా గొడుగు?"

"చెయ్యి ఖాళీగా ఉంటే నాకు నడక కుదరదక్కా" అంది.

నవ్వులాటకు అందనుకున్నాను. ఆ మనిషి పాఠమంతా ఆ మాట మీదే నిలబడి ఉందని తరవాత తెలిసింది.

పోయిన వారం చిత్తూరులో ఆమెను మట్టిచేసి వచ్చాం. పేరు ఇక్కడ రాయను. తిరుపతిలో మా వీధికి ఆమె పేరుతో ఎప్పుడూ అవసరం పడలేదు. టీచర్లు ఇంకా ఉన్నారు గానీ, వాళ్లు ఫలానా వాళ్ల కోడలు, ఫలానా వాళ్ల కూతురు. టీచరమ్మ అంటే మాత్రం ఈమె ఒక్కతే.

చిత్తూరు పక్కన ఏదో బడిలో పనిచేసి రిటైరై, పక్క వీధిలో ఒంటి గది తీసుకుని ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"మీ మిద్దె మీద రేకుల షెడ్డు ఉత్తగా ఉండాది గదక్కా. సాయంత్రం పూట పిల్లోళ్లకు ఇంగ్లీషు చెప్పుకుంటాను."

"ఉత్తగా యాడుండాది? మా చేని చెనక్కాయలు పోసిండాం."

"ఉండనీ. నాకు కావల్సింది అవే."

"కాయలతో నీకేం పని?"

"పిల్లోళ్ల చేత ఒలిపిస్తాను. గింజలు మీకు. షెడ్డు నాకు."

నేను ఆమె ముఖం చూశాను. ఎగతాళి లేదు. శ్రీకాళహస్తి పక్కన మాకు కొంచెం చేను ఉంది. అక్కడి నుంచి వచ్చే కాయలు ఒలిపించడం ఏటేటా నాకు తలనొప్పే. కూలికి మనుషులు రారు, వచ్చినవాళ్లు ఒలిచింది సగం, తిన్నది సగం. మా అత్త కాలంలో దీనికొక ఉపాయం ఉండేది. విత్తనాల కాయలు ఒలిచేటప్పుడు ఆడోళ్లను పాట పాడమనేది. పాట వినిపిస్తున్నంతసేపు గింజ నోట్లోకి పోలేదని లెక్క. పాట ఆగితే మా అత్త తల ఎత్తేది.

"ఒలిస్తే తింటారు గదా?" అన్నాను.

"నోరు ఇంగ్లీషు మాట్లాడతా ఉంటాదక్కా. తినేదానికి సందేదీ?"

మా అత్తే ఎదురుగా నిలబడి మాట్లాడినట్టనిపించింది. "కరెంటు కాల్చకూడదు" అన్నాను. "ఎలుతురుండంగానే ముగిస్తాం" అంది. బేరం తెగింది.

వచ్చేవాళ్లలో చాలామంది నర్సు పిల్లలు. తిరుపతి ఆస్పత్రుల్లో చాలీచాలని జీతాలు వాళ్లవి. పై దేశాల్లో నర్సుగా చేరాలంటే ఇంగ్లీషు పరీక్ష ఒకటుందట. రాస్తే చాలదు, ఎదురుగా మనిషి కూర్చుని ప్రశ్నలు అడుగుతుంటే తడుముకోకుండా మాట్లాడాలట. వీళ్లు పుస్తకం చూసి రాయగలరు. నోరు తెరవమంటే మాత్రం అత్తారింటికి కొత్తగా వచ్చిన కోడళ్లలా తల వంచుకుంటారు.

టీచరమ్మ వాళ్లను చుట్టూ కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ముందర ఒక్కో చేట పెట్టేది. తన ఒళ్లో దారపుండ, కొక్కేపు సూది. దారంతో లేసు అల్లుతూనే పాఠం చెప్పేది. చిన్నప్పుడు హాస్టల్లో ఉండగా ఇంగ్లీషంటే ఏడ్చేదట. అక్కడి వార్డెనమ్మ ఈమె చేతికి సూదీ దారం ఇచ్చి, అల్లుతూ చదవమందట. అల్లిక మీద ధ్యాస పడేసరికి చదువు దానంతటదే వచ్చేసిందట.

"నోరు పిరికిదక్కా" అనేది నాతో. "చేతులు పనిలో పడితే దాన్ని గమనించేవాళ్లుండరు. అప్పుడు బయటికొస్తాది."

ఆమె నోట 'తప్పు' అన్న మాట నేను వినలేదు. ఎవరైనా తప్పుగా మాట్లాడితే సూది ఆపి, "ఇంకోసారి ఒలుచు పాపా" అనేది. మళ్లీ చెప్పేవాళ్లు. మళ్లీ తప్పితే మళ్లీ "ఒలుచు". అంతే. కోపం లేదు, మెచ్చుకోలు లేదు. బాగా చెప్పినప్పుడు మాత్రం తల ఎత్తకుండానే సూది వేగం పెంచేది. పిల్లలు ఆ వేగం చూసి మురిసేవాళ్లు.

నేను గింజల కాపలాకని ఒక మూల కూర్చునేదాన్ని. మూడో తరగతితో నా చదువు ఆగింది. ఇంగ్లీషు నాకేమి అర్థమవుతుంది? కానీ ఆమె చెప్పేది ముందు తెలుగులో చెప్పేది గనక కొంత నాకూ ఎక్కేది. ఒకరోజు 'ఏ' ఎక్కడ, 'ది' ఎక్కడ అని పిల్లలు తలలు పట్టుకున్నారు. మన మాటలో అట్లాంటి తోకలు లేవు కదా.

"ఒక పిల్లి మీ వంటింట్లోకి వచ్చింది. ఎవురి పిల్లో తెలీదు. అది 'ఏ'. అదే పిల్లి మళ్లీ వచ్చి పాలు తాగింది. ఈసారి మనకు తెలిసిన పిల్లి. అది 'ది'" అంది టీచరమ్మ.

నేను మూలనుంచి అన్నాను, "అట్లయితే కొత్తల్లుడు 'ఏ', పాతల్లుడు 'ది'."

పిల్లలు చేటలు కింద పెట్టి నవ్వారు. టీచరమ్మ నవ్వలేదు. "అక్క చెప్పింది సరే. పాలు తాగేది ఇద్దరూ" అని సూది కదిపింది.

ఇంకోనాడు జరిగిపోయిన పని గురించి. వాళ్ల భాషలో అది రెండు రకాలట. అన్నం ఇప్పుడే వార్చాను, పొగలు కక్కుతోంది, రండి తిందాం అన్నట్టు చెప్తే ఒక రకం. నిన్న వార్చాను, తిన్నాం, గిన్నె కూడా కడిగేశాం అంటే ఇంకో రకం. పిల్లలందరి చేత వాళ్లింట్లో పొద్దున జరిగినవన్నీ ఆ రెండు రకాలుగా చెప్పించింది. గింజలు చేటల్లో టపటపా పడుతున్నాయి. ఒక పిల్ల మాత్రం దవడ ఆడిస్తోంది.

"తినేదానికి నోరు తెరుస్తావు, మాట్లాడేదానికి తెరవ్వేమే?" అన్నాను.

ఆ పిల్ల మింగేసి ఇంగ్లీషులో ఏదో గబగబా చెప్పింది. అందరూ పకపకా నవ్వారు. ఏమందని అడిగితే టీచరమ్మ చెప్పింది: "అవ్వ ఇప్పుడే నన్ను పట్టుకునింది, ఇంకా వదల్లేదు అంటాండాదక్కా. వాక్యం సరిగ్గా ఉండాది. కాబట్టి తిన్న గింజ మాఫీ."

ఆ పిల్లే మునిలక్ష్మి.

సత్యవేడు దగ్గర పల్లె వాళ్లది. తండ్రి ట్రాక్టరు మీద కూలి, తల్లి కలుపులకు పోతుంది. చెల్లెలు ఇంకా చదువుతోంది. నర్సు చదువుకు ఉన్న కాస్త భూమి కుదువ పెట్టారు. ఈ పిల్ల పై దేశం పోతేనే ఆ భూమి ఇల్లు చేరేది. వచ్చిన కొత్తలో మునిలక్ష్మి అందరికంటే మూగది. పేరు అడిగినా చెమటలు పట్టేవి. చేట ముందర కూర్చుని కొన్నాళ్లు గడిచేసరికి ఆ నోరు కట్ట తెగినట్టు తెగింది. రాత్రి డ్యూటీలో ముసలాయన మందు మింగనని మొండికేయడం, తన చెల్లెలు జడ వేసుకోనని ఏడవడం, అన్నీ ఇంగ్లీషులోనే. తల వంచుకుని, వేళ్లు కాయలు చిట్లిస్తుంటే, మాట అట్లా పోతూనే ఉండేది. టీచరమ్మ సూది ఆ పిల్ల దగ్గర పరిగెత్తినంత వేగంగా ఎవరి దగ్గరా పరిగెత్తలేదు.

"ఈ పాప గట్టెక్కుతాదక్కా. నాకు అనుమానం లే" అంది నాతో. ఆమె ఎవరి గురించీ అంత తెగించి చెప్పే మనిషి కాదు.

పరీక్ష మద్రాసులో. పోయేముందు ఆ పిల్ల నా కాళ్లకూ టీచరమ్మ కాళ్లకూ మొక్కి పోయింది. తిరిగి వచ్చినరోజు నేరుగా మిద్దె మీదికి రాలేదు. మెట్ల మీద కూర్చుండిపోయింది. టీచరమ్మే దిగి వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. నేను కింది మెట్టు దగ్గర నిలబడ్డాను.

"ఏమాయ పాపా?"

"కుర్సీలో కూసోబెట్టినారు టీచరమ్మా. ఎదురుగా ఒకాయమ్మ. మంచిదే, నగుతానే ఉండాది. మధ్యలో బల్ల. బల్ల మీద ఏమీ లే."

"ఊఁ."

"సేతులు యాడ పెట్టుకోవల్లో తెలీలా. బల్ల మీద పెట్టినా. వొణుకుతాండాయి. కిందికి దించినా. మీ ఊరి గురించి సెప్పు అనింది. అది మనం ఎన్నిసార్లు సెప్పుకున్న్యామో. అన్నీ తెలుసు. నోరు తెరిస్తే వుత్త గాలి వచ్చింది."

టీచరమ్మ ఆ పిల్ల రెండు చేతులూ తీసుకుని తన ఒళ్లో పెట్టుకుని, వాటినే చూస్తూ ఉండిపోయింది. ముఖం వైపు చూడలేదు.

మునిలక్ష్మి వెళ్లినాక ఆమె నాతో అంది, "అక్కా, ఆ బల్ల మీద చేట ఉండదని నాకు తెలుసు గదా. నాకు తట్టలేదే."

మర్నాడు పిల్లలు వచ్చేసరికి చేటలన్నీ ఒకదాని మీద ఒకటి బోర్లించి గోడకు ఆనించి ఉన్నాయి. దారపుండ కూడా తేలేదు. పిల్లలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని మాట్లాడమంది. షెడ్డు శవం లేచిన ఇల్లులా అయింది. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, గొంతు సవరించుకోవడం, అంతే. కాస్త నోరు తిరిగిన పిల్లలకు కూడా నత్తి వచ్చింది. "ఇంకోసారి ఒలుచు" అనడానికి ఒలిచేది ఏముంది? ఆ మాట ఆమె నోటికి వచ్చి, ఆగిపోవడం నేను చూశాను.

నేను ఊరుకునే మనిషిని కాను. ఆమెను కిందికి పిలిచి కూర్చోబెట్టాను.

"టీచరమ్మా, బిడ్డకు నడక నేర్పేటప్పుడు కొయ్యబండి ఇస్తాం. కాళ్లు నిలిచినాక మెల్లిగా తీసేస్తాం. ఒక బిడ్డ పడిందని వీదిలో అందరి బండ్లూ పెరుక్కుంటామా? నీ పద్ధతి తప్పు గాదు. దానికి ఆకిరి మెట్టు ఒకటి తక్కువాయ. అది కట్టుకో."

"పడింది నా బిడ్డ గాదక్కా. ఎవురో నమ్మి పంపిచ్చిన బిడ్డ."

"అందుకని ఉన్నోళ్లను మూగోళ్లను చేస్తావా?"

"ఇంకొకరిని ఆ బల్ల ముందరికి నేను అట్ల పంపలేను."

మెత్తని మనుషుల మొండితనం గట్టి మనుషులకు ఉండదు. ఎంత చెప్పినా ఆమె వినలేదు. నాకు ఇప్పటికీ దుఃఖం అదే. వాళ్ల నోళ్లు తెరిపించింది ఆమే. ఒక్క దెబ్బకు తన చేత్తోనే మళ్లీ మూసేసింది. పిల్లలు ఒక్కొక్కరే తగ్గారు. వీధి చివర కొత్తగా పెట్టిన స్పోకెన్ ఇంగ్లీషు సెంటరుకు పోయారు. టీచరమ్మ వాళ్లనేమీ అనలేదు. ఆమె కళ్లు మాత్రం మెట్ల వైపే ఉండేవి. మునిలక్ష్మి మళ్లీ రాలేదు.

ఆస్పత్రిలో అడిగితే పని మానేసి వెళ్లిందన్నారు. ఫోను పలకలేదు. చివరికి ఒకరోజు టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, "సత్యవేడు పోయొస్తాం వస్తావా అక్కా" అంది. నాకు బస్సు పడదు. అయినా పోయాను.

ఆ తల్లి అప్పుడే కలుపు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. మమ్మల్ని చూసి కంగారుపడి, చాప పరిచి మజ్జిగ ఇచ్చింది.

"పాప యాడుండాదమ్మా?" అంది టీచరమ్మ.

"మెద్రాసులో ఉండాది."

"ఏం జేస్తాండాది?"

"ఏదో... ఉండాదిలేమ్మా."

"ఫోన్ నెంబరు ఇస్తావా? ఒక్క మాట మాట్లాడతాను."

ఆమె చెంగు వేలికి చుట్టుకుంటూ, "ఎవురికీ ఇయ్యొద్దని సెప్పిండాది తల్లీ. ఏమీ అనుకోవద్దు" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఏదో దాస్తున్న ఇబ్బంది మాత్రం ఉంది. అది నాకు తెలిసింది గానీ, ఏం దాస్తోందో తెలియలేదు. వచ్చేటప్పుడు గంపలో ఉన్న వంకాయలు బలవంతంగా నా సంచిలో పోసింది.

బస్సులో టీచరమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అట్లానే అంది, "తిట్టింటే బాగుండు అక్కా. మజ్జిగిచ్చింది సూడు, అది తాగలేకపోయినా."

ఆ తరవాత ఆమె తిరుపతిలో ఎక్కువకాలం లేదు. ఒంట్లో బాగులేక చిత్తూరులో చెల్లెలింటికి పోయింది. పోయేరోజు షెడ్డు ఊడ్చి, చేటలు తుడిచి, ఆటో ఎక్కింది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. మోకాళ్లు ఎట్లున్నాయని నన్ను అడిగేది. వానలు పడ్డాయా అని అడిగేది. పెట్టేసే ముందు మాత్రం ఒక్కటే మాట.

"ఆ పాప సంగతి ఏమన్నా తెలిసిందా అక్కా?"

"తెలీలేదమ్మా" అనేదాన్ని. నిజంగానే తెలియలేదు. "తెలిస్తే చెప్పు" అనేది.

మట్టిచేసిన రోజు వాళ్ల చెల్లెలు నన్ను పక్కకు పిలిచి అడిగింది, "మునిలక్ష్మి అంటే ఎవురక్కా? మా యక్క ఆకిరి దినాల్లో మగతగా ఉండేది. మునిలక్ష్మి వస్తే నన్ను లేపు, నిద్ర పోతాండానని పంపిచ్చెయ్యొద్దు అనేది. మా చుట్టాల్లో ఆ పేరోళ్లు లేరే." ఆమె దగ్గర చదువుకున్న పిల్ల అని మాత్రం చెప్పాను.

మొన్న మధ్యాహ్నం మా గేటు దగ్గర ఆటో ఆగింది. ఎవరో ఒళ్లు చేసిన పిల్ల, కళ్లద్దాలు, చేతిలో పెద్ద సంచి.

"అవ్వా, బాగుండావా? గుర్తు పట్టలేదా, మునిలక్ష్మిని."

లోపల కూర్చోబెట్టి నీళ్లిచ్చాను.

"టీచరమ్మ గది తాళమేసుండాదవ్వా. యాడికి పోయింది? ఇంగ్లండు నుంచి ఆమెకు శాలువా తెచ్చినా."

నేను వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పేశాక ఆ పిల్లకు ఇంక నోరు పెగలదని నాకు తెలుసు. అడగవలసినవి ముందు అడిగాను.

"అయితే పాసయినావా?"

"ఐనానవ్వా. ఆ మరుసటేడే. ఆడ ఆస్పత్రిలోనే సేస్తాండా. మా భూమి కూడా ఇడిపించుకున్న్యాం."

"చెప్పలేదేమే మరి? ఆయమ్మ మీ ఇంటిదాకా వచ్చిందే."

తల వంచుకుంది. "మాయమ్మ సెప్పింది. అప్పుడు మెద్రాసులో వేరే తావ కోచింగులో ఉంటి. నా దగ్గిర రానిది ఆడ వచ్చిందా అని టీచరమ్మ సిన్నబోతాదేమోనని బయం. ఫోన్లో సెప్పే మాట గాదు, పాసై, ఉద్యోగమొచ్చి, ఎదురుగా పోయి కాళ్లకు మొక్కి సెప్తామనుకుంటి. లీవు ఇప్పుటికి దొరికింది."

"ఆడ అంత కొత్తగా ఏం నేర్పినారు?"

"కొత్తగా ఏం లేదవ్వా. అద్దం ముందర కూసోబెట్టి, సేతులు ఒళ్లో ఎట్ల పెట్టుకోవల్లో నేర్పినారు. అంతే. మాటలన్నీ టీచరమ్మవే."

"ఇంకోసారి చెప్పు."

"మాటలన్నీ టీచరమ్మవేనవ్వా" అంది ఆ పిల్ల, నా వంక వింతగా చూస్తూ.

నేను లేచి కొంగు సర్దుకుని, ఇంటి తాళం చేతికి తీసుకున్నాను.

"పద. చిత్తూరు బస్సెక్కల్ల."

"టీచరమ్మ ఆడుండాదా?"

"ఆడే ఉండాది" అన్నాను. అంతకు మించి చెప్పడానికి బస్సు ఊరు దాటేదాకా నాకు నోరు రాలేదు.